ఇన్ని స్పెషాలిటీలుండగా క్యాన్సరే ఎందుకు?

1. ప్రశ్నార్థకం

స్పెషాలిటీ తేల్చుకోవాల్సిన దశలో ఉన్నవాళ్లందరి తరఫునా అడుగుతున్నాను. గుండె జబ్బుల్లో స్టెంటు పడగానే నొప్పి తగ్గిన మనిషి ఎదురుగా కనిపిస్తాడు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూపించి ‘అతుక్కుంది’ అంటాడు. మరి ఆంకాలజీకి, అంటే క్యాన్సర్ వైద్యానికి, వెళ్లేవాళ్లని ఏది లాగుతోంది? ఇంటర్వ్యూల్లో అందరూ అప్పజెప్పే ‘సేవాభావం’ వద్దు. ‘మా ఇంట్లో ఒకరికి వచ్చింది’ కూడా వద్దు. పనిలో ఏముంది, ఎక్కడ తప్పుతుంది, ఎవరికి పడదు? మెడికల్, రేడియేషన్, సర్జికల్ మూడింటికీ తేడా ఏమిటి? సొంత కథలు పక్కనపెట్టి పని చెబితే అందరికీ ఉపయోగం.

2. నాడీపట్టు

ముందు ఒక లెక్క సరిచేసుకోవాలి. చదువుకునే రోజుల్లో క్యాన్సర్ రోగి కనబడేది వార్డులో. పొట్టలో నీరు చేరినవాళ్లు, కీమో తర్వాత జ్వరంతో వచ్చినవాళ్లు, జబ్బు వెన్నెముకకి పాకి కాళ్లు పడిపోయినవాళ్లు. నయమైనవాళ్లు వార్డుకి రారు కదా! ఆరు నెలలకోసారి ఫాలోఅప్ ఓపీకి వచ్చి, రిపోర్టు చూపించి, పది నిమిషాల్లో వెళ్లిపోతారు. ఆ గదిలో విద్యార్థులు కూర్చోవడం అరుదు. ‘ఎంత చేసినా పోయేవాళ్లే’ అన్న అభిప్రాయం అంత గట్టిగా నాటుకుపోవడానికి సగం కారణం ఇదే.

ఇక లాగే సంగతి. ప్రయోగశాలకీ రోగి మంచానికీ ఇక్కడ దూరం తక్కువ. ఫోలేట్ అనే విటమిన్ దొరక్కుండా చేస్తే లుకేమియా (రక్త క్యాన్సర్) కణం పెరగలేదన్న ఆలోచనతో సిడ్నీ ఫార్బర్ పిల్లలకి అమినోప్టెరిన్ ఇచ్చి 1948లో ఫలితాలు ప్రచురించాడు. జబ్బు తగ్గింది, కానీ తాత్కాలికంగానే. ఇప్పుడు వనరులు సరిగ్గా ఉన్నచోట పిల్లల అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా పదిమందిలో తొమ్మిదిమందికి నయమవుతోంది. ఆ మందుకి దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ఆ వైద్యంలో ఉంది. 2001లో ఇమాటినిబ్ అనుమతి పొందింది. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై పుట్టే ఒక్క ఎంజైమును పట్టి ఆపే మాత్ర అది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియాలో దాని మొదటి పెద్ద ట్రయల్ తీసుకుంటే, ఆ మాత్రతో మొదలుపెట్టినవాళ్లలో పదేళ్లకి సుమారు 83 శాతం మంది బతికున్నారు. రోగనిరోధక కణాలకి వేసిన బ్రేకులు విప్పితే అవే గడ్డ మీద పడతాయని చూపినందుకు జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో 2018లో నోబెల్ అందుకున్నారు. నిన్న పాఠంలో చదివిన అణువు పేరు ఇవాళ ప్రిస్క్రిప్షన్ మీద రాయడం అనే సంతోషం వేరే విభాగాల్లో ఇంత తరచుగా దొరకదు.

అయితే అన్నీ ఇమాటినిబ్ కథలు కావు. పాంక్రియాస్ క్యాన్సర్ ఓపీలో ఒక్క పూట కూర్చుంటే ఈ ఉత్సాహం సగం దిగుతుంది. ఆ గదీ, ఫాలోఅప్ గదీ రెండూ చూశాకే ఫారం నింపాలి.

3. తెల్లకణం

పై పోస్టుకి ఒక ఉదాహరణ, కాస్త దగ్గరి నుంచి. అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటిమీద కమిలిన మచ్చలు, పడిపోయిన ప్లేట్‌లెట్లు. స్లైడు మీద రేణువులతో కిక్కిరిసిన కణాలు, కొన్నిటిలో పుల్లల కట్ట విప్పినట్టు ఆయర్ రాడ్లనే సన్నటి కడ్డీలు. అనుమానం వచ్చిన గంటల్లోనే ఆట్రా (విటమిన్-ఏ జాతి మందు) మొదలవ్వాలి, చదరపు మీటరుకి రోజుకి 45 మి.గ్రా., రెండు విడతలుగా. జన్యుపరీక్ష రిపోర్టు కోసం ఆగితే తప్పు, ఎందుకంటే మొదటి రోజుల్లో ఎక్కువగా ప్రాణం తీసేది మెదడులో రక్తస్రావం. ప్లేట్‌లెట్లు 30 నుంచి 50 వేలకి తగ్గకుండా ఎక్కిస్తూ ఉండాలి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్‌ని డెసిలీటరుకి 100-150 మి.గ్రా. పైన నిలబెట్టాలి. సెంట్రల్ లైను, నడుం నీరు తీయడం లాంటివి అప్పుడు పెట్టుకోకూడదు.

ఆట్రా పడ్డాక జ్వరం, ఆయాసం, ఒక్కసారిగా బరువు పెరగడం కనిపిస్తే డిఫరెన్షియేషన్ సిండ్రోమ్ (మందుకి మారుతున్న లుకేమియా కణాలు ఒంట్లో రేపే వాపు) అనుకోవాలి. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ 10 మి.గ్రా. 12 గంటలకోసారి, అదే పూట. న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చి తెల్లారేదాకా చూద్దామనుకోవడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు. ఆట్రాతో పాటు ఆర్సెనిక్ కూడా ఇస్తుంటే, గుండె లయ తప్పకుండా ఈసీజీలో క్యూటీ అనే విరామం కొలుస్తూ పొటాషియం 4 పైన, మెగ్నీషియం 1.8 పైన ఉంచాలి.

ఈ గండం దాటితే, తెల్లకణాలు 10 వేలకి మించనివాళ్లలో ఆట్రా, ఆర్సెనిక్ రెండింటితోనే, మామూలు కీమో లేకుండా, 90 శాతం పైగా నయం. విటమిన్-ఏ చుట్టమొకటి, పాతకాలపు విషమొకటి! ఒకప్పుడు లుకేమియాలన్నిటిలో భయంకరమైనదిగా పేరున్న రకం ఇది. రక్తం వైపు వచ్చే జూనియర్లని ఏది లాగిందని అడిగితే ఈ జబ్బు పేరు తరచుగా వినిపిస్తుంది.

4. ప్రశ్నార్థకం

కొత్త మందుల ఆకర్షణ అర్థమైంది. కానీ రోజంతా నోబెల్ పనులే ఉండవు కదా. మామూలు మంగళవారం ఎలా ఉంటుంది?

5. ఔషధశాల

మామూలు మంగళవారం అంటే లెక్కలు. అవి విసుగనిపిస్తే మెడికల్ ఆంకాలజీ జోలికి రావద్దు.

కార్బోప్లాటిన్ అనే కీమో మందు సంగతి తీసుకోండి. దీని మోతాదు ఒంటి వైశాల్యం మీద కాకుండా కిడ్నీ వడపోత మీద కడతారు. కాల్వర్ట్ సూత్రం: మోతాదు మి.గ్రా.లలో = లక్ష్య ఏయూసీ × (వడపోత + 25). ఏయూసీ అంటే ఒంటికి మొత్తం మీద ఎంత మందు తగలాలన్న కొలత. వడపోతని చాలాచోట్ల కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ పద్ధతిలో అంచనా వేస్తారు: (140 – వయసు) × బరువు, దాన్ని 72 × క్రియాటినిన్‌తో భాగించి, స్త్రీలైతే 0.85తో గుణించాలి.

ఇప్పుడు 62 ఏళ్ల మనిషి, స్త్రీ, 50 కిలోలు, చిక్కిపోయి ఉన్నారు. క్రియాటినిన్ 0.4. లెక్క వేస్తే వడపోత 115 వస్తుంది, ఏయూసీ 5కి మోతాదు 700 మి.గ్రా. కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయని సంబరపడితే అయిపోయినట్టే. క్రియాటినిన్ వచ్చేది కండ నుంచి. కండ కరిగిపోయిన మనిషిలో అది తక్కువుంటే కిడ్నీ బాగుందని అర్థం కాదు. అందుకే చాలా కేంద్రాలు 0.7 కంటే తక్కువ వస్తే 0.7 అనే వేసుకుంటాయి. అప్పుడు వడపోత సుమారు 66, మోతాదు 454 మి.గ్రా. ఒకే మనిషి, ఒకే సూత్రం, తేడా దాదాపు పావు గ్రాము. 700 ఎక్కిస్తే మూడో వారంలో ప్లేట్‌లెట్లు ఎక్కడికి దిగుతాయో ఊహించుకోండి. పైకి కూడా ఒక హద్దుంది: లెక్కలో వడపోత 125 దాటనివ్వరు, కాబట్టి ఏయూసీ 5కి 750 మి.గ్రా. దాటదు.

డాక్సోరుబిసిన్‌కి వేరే లెక్క. జీవితకాలపు మొత్తం కూడుతూ పోవాలి. చదరపు మీటరుకి 450-550 మి.గ్రా. చేరేసరికి గుండె దెబ్బతినే ప్రమాదం ఎగబాకుతుంది, ఛాతీకి రేడియేషన్ పడి ఉంటే ఇంకా ముందే. ఎనిమిదేళ్ల కిందట వేరే ఊళ్లో వేయించుకున్న నాలుగు సైకిళ్లు రోగి చెప్పకపోతే ఆ 240 (ఒక్కోటి 60 చొప్పున) మన లెక్కలోకి రాదు. పాత ఫైలు అడగడం ఇందుకే.

వింక్రిస్టిన్ సిరంజిలో నింపకూడదు, 50 మి.లీ. సెలైన్ చిన్న సంచిలోనే కలపాలి. పొరపాటున వెన్నులోకి వెళ్తే దాదాపు ఎప్పుడూ ప్రాణం పోతుంది. సంచిని వెన్నుసూదికి ఎవరూ తగిలించరు. మనిషి జాగ్రత్త మీద ఆధారపడకుండా తప్పు చేయడమే కష్టమయ్యేలా వస్తువుని మార్చడం అంటే ఇదీ.

ఆసక్తి ఉన్నవాళ్లకి ఒక లెక్క ఇస్తున్నాను. 58 ఏళ్ల స్త్రీ, అండాశయ క్యాన్సర్, 62 కిలోలు, క్రియాటినిన్ 0.8, పొట్టలో నీరు ఉంది, ఏయూసీ 5. మోతాదెంత?

6. మార్జిన్‌క్లియర్

మందుల వాళ్లు ఈ చర్చ మొత్తం ఆక్రమించేశారు. గట్టి కణితులు చాలావాటిలో నయం చేసేది ఇప్పటికీ కత్తే అని ఒకరైనా గుర్తుచేయాలిగా.

సర్జికల్ ఆంకాలజీకి ఎవరు సరిపోతారో చెప్పడానికి సార్కోమా (కండ, కొవ్వు, ఎముక లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్) చాలు. తొడలో గడ్డ. కొవ్వుగడ్డేలే అని మత్తిచ్చి అడ్డంగా కోసి తీసేస్తారు. రిపోర్టు సార్కోమా అని వస్తుంది. ఇప్పుడు అడ్డంగా పడిన ఆ గాటు మొత్తం, రక్తం పాకిన ప్రతి పొర, డ్రెయిన్ పెట్టిన రంధ్రంతో సహా మళ్లీ తీసేయాలి. నిలువు గాటులో సులువుగా మూసుకునే చోట చర్మం అతుకు వేయాల్సి వస్తుంది. సరైన పద్ధతి: గడ్డ 5 సెం.మీ. దాటినా, కండపొర కింద ఉన్నా, పెరుగుతున్నా ముందు ఎమ్మారై, తర్వాత కోర్ నీడిల్ బయాప్సీ. ఆ సూది దిగే చోటు కూడా రేపు ఆపరేషన్ చేసేవాళ్లే చెప్పాలి, ఎందుకంటే సూది దారిని కూడా ముక్కతో పాటు తీసేస్తారు. మొదటిసారి చేసినంత బాగా రెండోసారి చేయలేం.

అంటే ఇక్కడ నైపుణ్యంలో సగం కోయక ముందే ఉంటుంది. ఎప్పుడు కోయాలి, కీమో ముందా వెనకా, అసలు కోయడం వల్ల లాభముందా. చేతులు దురదపెట్టేవాళ్లకి ఇది కష్టం. పెద్దపేగు క్యాన్సర్లో ముక్కతో పాటు కనీసం 12 లింఫు గ్రంథులు లెక్కకి రావాలి. ఏడే దొరికి, ఏడింటిలోనూ జబ్బు లేదంటే ‘జబ్బు పాకలేదు’ అని రాయడానికి ధైర్యం చాలదు. అది సర్జన్ తక్కువ తీయడం వల్ల కావొచ్చు, పాథాలజీలో సరిగ్గా వెతకకపోవడం వల్ల కావొచ్చు.

7. సూక్ష్మదర్శిని

నెపం మా మీదికే వచ్చింది, సరే. మా వైపు ఫిర్యాదు కూడా వినండి. రొమ్ము క్యాన్సర్ ముక్క ఆపరేషన్ అయిన గంటలోపు ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే ద్రావకంలో) పడాలి, 6 గంటలకి తక్కువ కాకుండా 72 గంటలకి మించకుండా నానాలి. శుక్రవారం సాయంత్రం తీసిన ముక్క చిన్న డబ్బాలో కుక్కి, మీద రెండు చుక్కలు పోసి సోమవారం పంపితే లోపలి భాగం కుళ్లిపోతుంది. హార్మోన్ రిసెప్టర్లు లేవని తప్పుగా రావొచ్చు. ఆ ఒక్క తప్పుతో ఆ మనిషికి అయిదేళ్లు వాడాల్సిన, హార్మోన్‌ని అడ్డుకునే మాత్ర దక్కదు. ద్రావకం ముక్క పరిమాణానికి పదింతలుండాలి, పెద్ద ముక్కని ముందే చీరి పెట్టాలి. ఎవరు ఏ ఆంకాలజీలో చేరినా ఈ మాట గుర్తుంచుకుంటే మాకు అదే పదివేలు.

8. ఐసోసెంటర్

మూడింటిలో విద్యార్థులకి అస్సలు తెలియనిది మాది. ‘మెషీన్ చూసుకుంటుంది కదా’ అంటారు.

గొంతు క్యాన్సర్‌కి మామూలుగా 70 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), 35 విడతలు, వారానికి ఐదు, ఏడు వారాలు. మొదటి రోజు రోగిని పడుకోబెట్టి, వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ మాస్కుని ముఖం మీద అదిమి ఆరబెడతారు. దానితోనే సీటీ, 2-3 మి.మీ. మందం ముక్కలు. పుర్రె అడుగు నుంచి ఛాతీ పైదాకా వంద దాటతాయి. ఒక్కో ముక్క మీద డాక్టరు చేత్తో గీతలు గీస్తాడు: కంటికి కనబడే గడ్డ, దాని చుట్టూ కనబడకుండా పాకి ఉండొచ్చనుకునే మేర, రోజూ పడుకోవడంలో వచ్చే తేడా కోసం మరో 3-5 మి.మీ. తర్వాత కాపాడాల్సినవి: వెన్నుపాముకి 45-50 గ్రేలు మించకూడదు, లాలాజల గ్రంథుల్లో కనీసం ఒకదానికైనా సగటు 26 లోపు ఉంచాలి, లేకపోతే మనిషి జీవితాంతం నోరెండిపోయి నీళ్ల సీసా పట్టుకు తిరుగుతాడు. ఈ గీతలకే పూటంతా పడుతుంది. మంచి గీతకీ చెడ్డ గీతకీ తేడా అప్పుడే కనబడదు. రెండేళ్లకి జబ్బు ఎక్కడ తిరగబెట్టిందో చూస్తే తెలుస్తుంది.

ఎక్కడ తప్పుతుందంటే, మూడు నాలుగు వారాలకి రోగి మింగలేక బరువు తగ్గుతాడు. మాస్కు వదులవుతుంది. గ్రంథులు కుంచించుకుని మధ్యకి జరిగి, ఎక్కువ మోతాదు పడే చోటికి వచ్చేస్తాయి. మొదట వేసిన ప్లాను అప్పుడు వేరే మనిషికి వేసినట్టే. మళ్లీ సీటీ తీసి మళ్లీ గీయాలి. ఇక నాగా. మెషీన్ చెడిందనో సెలవనో విడతలు తప్పితే చావకుండా మిగిలిన క్యాన్సర్ కణాలు ఆ విరామంలో వేగంగా పెరుగుతాయి. తల, మెడ క్యాన్సర్లో ఒక్కో రోజు ఆలస్యానికి జబ్బు అదుపులో ఉండే అవకాశం ఒక శాతం పైగా తరుగుతుందని లెక్క. తప్పిన దాన్ని శనివారం ఇవ్వాలి, లేదా ఒకే రోజు కనీసం 6 గంటల ఎడంతో రెండుసార్లు.

ఫిజిక్సూ అనాటమీ రెండూ ఇష్టమైనవాళ్లకి ఇది సొంతిల్లు. మోతాదు పెంచడమే పురోగతి కాదన్నది ఈ విభాగంలో నాకు అన్నిటికంటే నచ్చే విషయం. రొమ్ము క్యాన్సర్లో మూడు వారాల్లో 15 విడతలుగా ఇచ్చే 40 గ్రేలకి బదులు ఒకే వారంలో 5 విడతల్లో 26 గ్రేలు సరిపోతాయని 2020లో ఫాస్ట్-ఫార్వర్డ్ ట్రయల్ అయిదేళ్ల ఫలితాలు చూపాయి. జబ్బు ఎముకకి పాకడం వల్ల వచ్చే నొప్పికి 8 గ్రేలు ఒకే విడతలో ఇస్తే, పది విడతల్లో 30 ఇచ్చినంత ఉపశమనం. మళ్లీ ఇవ్వాల్సిన అవసరం కొంత ఎక్కువ పడుతుంది, అంతే.

9. అరఠావు

మొహమాటం లేకుండా అడుగుతాను. రేడియేషన్‌లో రాత్రి డ్యూటీలు తక్కువనే కదా సగం మంది చేరేది?

10. ఐసోసెంటర్

అందులో సిగ్గుపడేదేముంది? రాత్రి నిద్ర ఉన్న డాక్టరు మధ్యాహ్నం గీత సరిగ్గా గీస్తాడు. కానీ బొత్తిగా అత్యవసరాలు లేవనుకోకండి. జబ్బు వెన్నుపాముని నొక్కుతుంటే ఆ రోజే డెక్సామెథాసోన్, 24 గంటల్లో ఎమ్మారై, ఆ వెంటనే ఆపరేషనా రేడియేషనా తేల్చాలి. వైద్యం మొదలయ్యేసరికి నడుస్తున్న మనిషి తర్వాత కూడా నడిచే అవకాశం ఎక్కువ. కాళ్లు పూర్తిగా పడిపోయాక మొదలుపెడితే తిరిగి నడిచేవాళ్లు కొద్దిమందే. క్యాన్సర్ ఉన్న మనిషి కొత్తగా నడుం నొప్పి, పడుకుంటే ఎక్కువవుతోంది అంటే మాత్ర రాసిచ్చి పంపేయకండి, ఏ స్పెషాలిటీ వాళ్లైనా సరే.

11. మార్ఫిన్‌మాష్టారు

ఇంతమంది రాశారు, రోగితో మాట్లాడే పని ఎవరూ ఎత్తలేదు. ఆంకాలజీలో ఎక్కువసార్లు చేసే ‘ప్రొసీజరు’ అదే. మిగతావాటిలాగే దీనికీ మెట్లున్నాయి, నేర్చుకుంటే వస్తుంది. పుట్టుకతో వచ్చే మంచితనం అనుకోవడం వల్లే చాలామంది నేర్చుకోరు.

తలుపు వేసిన గది, అందరికీ కుర్చీలు, ఫోను సైలెంటులో. ముందు వాళ్లకేం తెలుసో అడగాలి: ‘ఇప్పటిదాకా మీకేమని చెప్పారు?’ తర్వాత ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో అడగాలి. ఆ తర్వాతే అసలు మాట, రెండు చిన్న వాక్యాల్లో. అక్కడ ఆగాలి. నోరు మూసుకోవడమే ఇందులో కష్టమైన మెట్టు. నిశ్శబ్దం భరించలేక కొత్త డాక్టరు వెంటనే కీమో షెడ్యూలు వర్ణించడం మొదలుపెడతాడు. ‘క్యాన్సర్’ అన్న మాట తర్వాత చెప్పిందేదీ ఆ పూట వాళ్ల చెవికెక్కదు. వివరాలు ఒక కాగితం మీద రాసిచ్చి, రెండు రోజుల్లో మళ్లీ రమ్మనాలి.

‘ఆయనకి చెప్పొద్దండీ, తట్టుకోలేరు’ అని బంధువులు తలుపు దగ్గరే పట్టుకుంటారు. వాదించకూడదు, ఒప్పుకోనూ కూడదు. వాళ్లు భయపడుతున్నది దేనికో ముందు వినాలి. తర్వాత రోగినే నేరుగా అడగాలి: ‘పరీక్షల సంగతులు మీకు చెప్పమంటారా, మీ వాళ్లతో మాట్లాడమంటారా?’ చాలాసార్లు ఆయనకి అప్పటికే తెలిసి ఉంటుంది, ఇంట్లోవాళ్లు బాధపడతారని తనే దాస్తుంటాడు.

‘ఇక చేసేదేం లేదు’ అన్న వాక్యం వైద్యపరంగా కూడా అబద్ధం. పాకిపోయిన ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద 2010లో వచ్చిన ట్రయల్‌లో, మొదటి నుంచీ ఉపశమన వైద్యం జతచేసినవాళ్లలో మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు, చేయనివాళ్లలో 8.9. కీమో ఆపాక చివర్లో పిలిచే విభాగం కాదు ఇది.

మార్ఫిన్ రాయడం రాకపోతే మాత్రం ఏ ఆంకాలజీకీ రావద్దు. నోటి మాత్ర 10 మి.గ్రా. నాలుగు గంటలకోసారి అంటే రోజుకి 60. మధ్యలో నొప్పి తన్నుకొస్తే వేసుకోవడానికి ఆరో వంతు, అంటే 10 మి.గ్రా., విడిగా రాయాలి. విరేచనం సాఫీగా అయ్యే మందు అదే చీటీ మీద మొదటి రోజే రాయాలి. అది మరిచిపోతే నాలుగో రోజుకి మలబద్ధకంతో మార్ఫినే మానేస్తారు, నొప్పి మళ్లీ మొదలు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో దాని అవశేషాలు పేరుకుని మత్తు, ఒళ్లు జర్కులు వస్తాయి. అక్కడ మందు మార్చడమో ఎడం పెంచడమో చేయాలి.

12. నాడీపట్టు

మాష్టారి పోస్టు ప్రింటు తీసి ఓపీలో అంటించాలి.

నేను ‘ఎవరికి పడదు’ అన్న ప్రశ్నకి జవాబిస్తాను. మొదటి రకం, ప్రతి జ్వరాన్నీ మామూలు జ్వరంగా చూసేవాళ్లు. కీమో వేసిన 7 నుంచి 14 రోజుల మధ్య ఒక్కసారి 38.3 డిగ్రీల సెల్సియస్ వచ్చినా, గంటసేపు 38 ఉన్నా, న్యూట్రోఫిల్స్ (సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు) 500 కంటే తక్కువుంటే లేదా తగ్గబోతుంటే, రోగి వచ్చిన 60 నిమిషాల్లో మొదటి యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలి. కల్చర్‌కి రక్తం తీసి వెంటనే. పోరాడే కణాలే లేనప్పుడు చీము పట్టదు, ఎక్స్‌రేలో మచ్చ కూడా కనబడకపోవచ్చు. రోగి నవ్వుతూ నడిచొస్తాడు, సాయంత్రానికి బీపీ పడిపోతుంది. ఒంట్లో స్టెరాయిడ్ ఉంటే జ్వరం కూడా రాదు, నీరసం ఒక్కటే.

రెండో రకం, కొత్త మందు వచ్చింది కాబట్టి పాత వైద్యశాస్త్రం అక్కర్లేదనుకునేవాళ్లు. ఇమ్యూనోథెరపీ (రోగనిరోధక కణాల బ్రేకులు విప్పే మందు) తీసుకుంటున్న మనిషికి రోజుకి ఏడెనిమిది విరేచనాలు అదనంగా అవుతుంటే అది తిండి వల్ల కాదు, పేగు మీద తన సొంత కణాలే పడుతున్నాయి. ఆపే మాత్రలిచ్చి ఇంటికి పంపితే పేగు చిల్లుపడొచ్చు. కిలోకి 1-2 మి.గ్రా. ప్రెడ్నిసలోన్, రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్, తగ్గాక స్టెరాయిడ్ కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు మెల్లగా దించాలి. వారంలో దించేస్తే మళ్లీ మొదటికి. అదే మనిషికి థైరాయిడ్, ఎడ్రినల్ రెండూ పడిపోతే ముందు హైడ్రోకార్టిసోన్, తర్వాతే థైరాక్సిన్. తిరగేసి ఇస్తే కుప్పకూలిపోతాడు. ఆంకాలజిస్టు ముందు గట్టి ఫిజీషియన్ అయ్యుండాలనేది ఇందుకే.

మూడో రకం, శాతాలు చూసి మోసపోయేవాళ్లు. ‘జబ్బు తిరగబెట్టే ప్రమాదం 25 శాతం తగ్గింది’ అంటే 8 నుంచి 6కి దిగి ఉండొచ్చు. అంటే 50 మందికి ఇస్తే ఒకరికి లాభం, దుష్ప్రభావాలు మాత్రం 50 మందికీ రావొచ్చు. ఇది రోగికి అర్థమయ్యేలా చెప్పి, ఆమె ‘వద్దు’ అంటే అలగకుండా ఉండటం కూడా పనిలో భాగమే.

ఇంట్లో ఒకరికి వచ్చిందని చేరేవాళ్లని నేను తక్కువ చేయను. కానీ ఆ కారణం గుమ్మం దాకా తీసుకొస్తుంది. రెండో ఏట రాత్రి రెండింటికి చార్టు ముందు కూర్చోబెట్టేది వేరే ఏదో కావాలి.

ఉద్యోగాల సంగతి కూడా అడుగుతారు గనక: 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 2 కోట్ల కొత్త కేసులు, 97 లక్షల మరణాలు. 2050కి కొత్త కేసులు ఏటా 3.5 కోట్లకి చేరతాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. పని దొరకదన్న బెంగ అక్కర్లేదు.

13. ప్రశ్నార్థకం

రెండు వారాలు పోస్టింగు దొరికితే దేన్ని చూడాలి?

14. తెల్లకణం

ఆపరేషన్ థియేటరు, కొత్త మెషీన్ గది చూడటానికి అందరూ ఎగబడతారు, అవి ఒక్కో పూట చాలు. ట్యూమర్ బోర్డుకి (అన్ని విభాగాల డాక్టర్లూ కలిసి కేసులు తేల్చే సమావేశానికి) తప్పకుండా వెళ్లండి, కానీ మాట్లాడేవాళ్లని కాకుండా నిర్ణయం ఎక్కడ మారుతుందో చూడండి. సర్జన్ కోద్దామన్నాక రేడియాలజిస్టు ‘రక్తనాళాన్ని చుట్టేసింది’ అని ఒక్క మాట అంటాడు, ప్లాను మొత్తం తిరగబడుతుంది. ఆ తిరగబడటం మీకు చిరాకు తెప్పిస్తుందా, ఆసక్తి కలిగిస్తుందా? మీకు కావలసిన జవాబు అక్కడే ఉంది.

కీమో డే-కేర్‌లో ఒక పూట నర్సు పక్కన కూర్చోండి. డాక్సోరుబిసిన్ నరం బయటికి కారితే డ్రిప్ ఆపి, సూది తీయకుండానే మందుని సిరంజితో వెనక్కి లాగి, చల్లటి కాపడం పెట్టాలని, వింక్రిస్టిన్ అయితే వేడి కాపడమని వాళ్లు చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పదు. మిగిలిన రోజులు ఫాలోఅప్ ఓపీ.

15. మార్ఫిన్‌మాష్టారు

ఒక రోజు ఉపశమన వైద్యానికి కూడా కేటాయించండి. ఆ గదిలో అందరూ అనుకున్నదానికంటే ఎక్కువ నవ్వులు వినబడతాయి.

16. ప్రశ్నార్థకం

అందరికీ ధన్యవాదాలు. ఔషధశాల గారి లెక్క వేశాను. (140 – 58) × 62 = 5084. 72 × 0.8 = 57.6. భాగిస్తే 88.3, 0.85తో గుణిస్తే 75. ఏయూసీ 5 × (75 + 25) = 500 మి.గ్రా. సరిగ్గా గుండ్రంగా వచ్చింది!

17. ఔషధశాల

గుణకారం అంతా సరిగ్గా ఉంది. గుండ్రంగా వచ్చిందంటే నమ్మాలనిపిస్తుంది, అక్కడే జాగ్రత్త. పొట్టలో నీరుందని రాశాను కదా. ఆ 62 కిలోలు నీటితో కలిపి తూచినవి. కీమోకి ముందు ఆరు లీటర్లు తీశారనుకోండి, మనిషి 56. మళ్లీ వేస్తే వడపోత 68, మోతాదు 464. ఈసారి తేడా 7 శాతమే కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. కానీ రెండో సైకిల్‌కి వచ్చినప్పుడు చార్టులో పాత 62ని చూసి రాయకుండా, తూకం మీద నిలబెట్టి చూసి రాయండి.